అడుగుల షావలి గుట్ట: పరుగు కొలిచే ఆచారం పుట్టిన వృత్తాంతం

ఈ చిన్న పుస్తకంలో నేను రెండు సంగతుల జోలికి పోను. ఒకటి, రెండు దేశాల మధ్య వ్యవహారాలు. రెండవది, ఆనాటి ఆటలో గెలుపు ఎవరిదన్నది. మొదటిది నాకు తెలియదు. రెండవది తెలుసు; కాని దానిమీద మన బస్టాండు హోటళ్ళలో నేటికీ వాదులాట నడుస్తున్నది గనుక చెప్పను.

చిన్నగొండ్యాలకు పడమట మైలున్నర దూరంలో, పరుపుబండ మీద రహమాన్ షావలి దర్గా ఉన్నది. సున్నం వేసిన గుమ్మటం, ఆకుపచ్చ జెండా, నల్లరాతి గడప. ఇంతకు మించిన ఆర్భాటం లేదు. గడప ముందు బండ ఎనభై గజాల మేర పలకవలె చదునుగా ఉంటుంది. ఎప్పుడు వెళ్ళినా దానిమీద గులకరాళ్ళు, వాటి నడుమ పరుగెత్తే జనం కనబడతారు. పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యేవారు, బంతి విసిరేవారు, మోకాలి శస్త్రచికిత్స చేయించుకొని మళ్ళీ నడక నేర్చుకొంటున్న పెద్దలు, కుచ్చిళ్ళు ఎత్తిపట్టిన కొత్తకోడళ్ళు కూడ ఉంటారు. కొత్తగా వచ్చినవారు చూసి నవ్వుతారు. కాసేపటికి వారూ చెప్పులు విడుస్తారు.

పూర్వం ఇక్కడ ఈ ఆచారం లేదు. పూర్వమంటే యుగాల నాటి మాట కాదు. ముప్పై నాలుగేళ్ళ కిందటి మాట. షావలి కలలో కనబడి ఆజ్ఞ ఇచ్చారని కొందరు చెబుతారు. కల కాదు. పట్టపగలు జరిగింది, నేను అక్కడే ఉన్నాను.

ఆ సంవత్సరం పాకిస్తాన్ నుంచి వర్ధమాన ఆటగాళ్ళ జట్టు ఒకటి స్నేహపూర్వకమైన క్రికెట్ ఆటలకు వచ్చి, మన కళాశాల మైదానంలో ఒక ఆట ఆడింది. ఉర్దూ తెలిసిన ఉపాధ్యాయుణ్ణి కావడంచేత నన్ను వారికి దుబాసీగా ఉంచారు. ఆ జట్టులో ముదస్సిర్ గుర్మానీ అనే ఇరవయ్యేళ్ళ ఫాస్ట్ బౌలర్ ఉండేవాడు. ముల్తాను వైపు పల్లెవాడు. ఏ తలుపు దాటినా తల వంచవలసినంత పొడగరి. అతడు బంతి వేస్తే వికెట్ కీపరు అడక్కుండానే రెండడుగులు వెనక్కి జరిగేవాడు.

అటువంటివానికి ఒక దోషం పట్టుకొన్నది. పరుగెత్తుకొని వచ్చి బంతి విసిరే వేళ కాలు గీత దాటేది. దాటితే అంపైరు చెయ్యి చాచి నోబాల్ అంటాడు. ఎంత గొప్ప బంతి అయినా వ్యర్థమే. ముందటి ఆటలో తొమ్మిదిసార్లు దాటాడు. పడిన మూడు వికెట్లూ పడనట్లే అయినవి. శిక్షకుడు ఒక్క మాట అన్నాడు: “రేపు గీత దాటితే ఎల్లుండి బండి ఎక్కు.” అలా ఇంటికి పోయినవాణ్ణి మళ్ళీ ఎవరూ పిలవరని ముదస్సిర్‌కు తెలుసు.

ఆ మధ్యాహ్నం అతడు దర్గా ఎక్కడున్నదని అడిగాడు. తీసుకొని వచ్చాను. చక్కెర చదివించి, దర్గా చూసుకొనే ముజావరు చేత నెమలికుంచె దీవెన అందుకొని, వెలుపలికి వచ్చి, సంచిలోనుంచి ఒక నవారు పట్టె తీశాడు. మంచాలకు అల్లే నవారే. ఒక కొస గడపకు ఆనించి పట్టెను బండమీద పరిచాడు. గడపనే గీత అనుకొని రెండో కొసనుంచి పరుగెత్తి వచ్చాడు. కాలు గడపమీద పడింది. మళ్ళీ వచ్చాడు. మళ్ళీ పడింది.

బండ వారగా మేకలు మేపుకొంటున్న దూదేకుల హుసేనమ్మ కేక వేసింది.

“ఏం నాయనా, కండ్లు కనపడ్లేదా? షావలి గడప తొక్కుతాండావే!”

నేను కొంత మర్యాద కలిపి ఉర్దూలో చెప్పాను. ముదస్సిర్ చెవులు పట్టుకొన్నాడు.

“తొక్కాలని కాదమ్మా. కాలు దానంతట అదే పోతోంది.”

“కాలు నీది గాదా?”

అప్పుడతడు నవారు సంగతి చెప్పాడు. పద్నాలుగేళ్ళప్పుడు అతని గురువు తన మంచం నవారు విప్పి, అతని పదిహేను అంగల పరుగు ఎంత దూరమో కొలిచి, అంతమేర కత్తిరించి, ఫాతెహా ప్రార్థన చదివి చేతికిచ్చాడట. “ఇది తప్పకు” అన్నాడట. మరుసటేడు ఆ గురువు కాలం చేశాడు. నాటినుంచి ఏ మైదానంలోనైనా ఆ పట్టె పరిచి, దాని కొసనుంచే పరుగు మొదలుపెట్టేవాడు. ఒక్క అంగుళం మార్చినా గురుద్రోహమని అతని నమ్మకం.

హుసేనమ్మ అతణ్ణి కిందినుంచి పైదాకా చూసింది.

“అప్పుడు గూడా ఇంత పొడుగుండావా?”

“లేదమ్మా. మా అక్క భుజం దాకా వచ్చేవాణ్ణి.”

“అప్పటి నిక్కరు ఇప్పుడేసుకుంటావా?”

ముజావరు నవ్వాడు. నేను నవ్వలేదు, అనువదించవలసి ఉన్నది.

“అంగ పెరిగింది, నవారు పెరగల్యా. కాలు గీత దాటక ఏం జేస్తాది?” అన్నది ఆమె. “నా కూతురి కాలికి షావలి పేర వెండి బేడీ ఏసినాం. ఏటా ఉరుసుకు కంసాలితో కోయించి పెద్దది సేయిస్తాం. అట్నే ఇడిస్తే మొక్కు నిలబడ్తాది, పిల్ల కుంటిదైతాది. షావలికే కోపం రాల్యా. మీ అయ్యవారికొస్తాదా?”

ముదస్సిర్ వంగి పట్టెను వేలితో తడిమాడు.

“మా ఉస్తాద్‌కు కోపం ఎక్కువే” అన్నాడు. “కాని కుంటివాణ్ణి చేయడు.”

“అట్లయితే గడప దిక్కు రావద్దు. గడపకాణ్ణించి అట్లా పో. నీ పదైదు అంగలు ఎంతదూరం పోతాయో ఆడ రాయి పెడ్తా.”

అతడు గడపకు వీపు పెట్టి పరుగెత్తాడు. మొదటిసారి మేకపోతు అడ్డం వచ్చింది. దాన్ని దూకి పడ్డాడు. రెండవసారి రాయి పెట్టవలసిన చోటనే ఒక మేకపిల్ల కదలక నిలిచింది. మూడవసారి సరిగా కుదిరింది. రాయి నవారు కొసను దాటి నాలుగు మూరల దూరంలో పడింది. హుసేనమ్మ ఒక మేక పలుపు విప్పి నవారు చివర ముడివేసింది.

“మీ అయ్యవారి నవారు అట్నే ఉండాది. కోయల్యా, పారెయ్యల్యా. రోంత సాగింది, అంతే.”

నేను ఆ కొత్త పొడవు కొలిచి నా పుస్తకంలో వ్రాసుకొన్నాను.

మరునాడు మైదానంలో అతడు ఆ పట్టె పరచగానే జనం ఊరుకొంటారా?

“ఒరే, మేక యాడరా? తాడొక్కటే తెచ్చినాడు!”

“మేక మనోడేలేరా! బ్యాటు పట్టుకోని నిలబడుకోనుండాడు సూడు!”

బ్యాటు పట్టినవాడు కూడ నవ్వాడు. మొదటి బంతికి అతని మధ్య వికెట్టు ఎగిరి పడింది. మైదానమంతా అంపైరు చేతివైపు చూసింది. చెయ్యి కదలలేదు. ముదస్సిర్ పది ఓవర్లు వేశాడు, ఒక్కసారైనా ఆ చెయ్యి కదలలేదు. పొద్దు వాలేసరికి మన జనమే బంతి బంతికీ “లేపల్యా!” అని కేరింతలు కొట్టసాగారు. తాము ఎవరి పక్షమో వారికి గుర్తున్నదో లేదో చెప్పలేను.

మేకలను విడిచి రాలేని హుసేనమ్మకు నేనే వెళ్ళి చెప్పాను.

“చెయ్యి లేపినాడా సారూ?”

“లేపలేదు.”

“నా పలుపు?”

“అతడే తీసుకొనిపోయాడు.”

“ఓయబ్బ! మేకను నేను దేంతో కట్టేసేది?” అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

ముదస్సిర్ బండి ఎక్కలేదు. పిదప మోకాలు పాడయ్యేదాకా ఆరేండ్లు తన దేశపు జట్టులో ఆడాడు. పత్రికలో అతని ఛాయాచిత్రం పడితే పలుపు ముడి కనబడుతుందేమోనని మన ఊరివారు భూతద్దం పెట్టి వెతికేవారు. రహమాన్ షావలిని జనం అడుగుల షావలి అని పిలవడం ఆ రోజులలోనే మొదలయినది.

నేడు ఉరుసుకు వచ్చే యాత్రికులు చక్కెర చదివించి, గడపకు వీపు పెట్టి, తమ శక్తికొద్దీ పదిహేను అంగలు వేస్తారు. ఆగినచోట తోడు వచ్చినవారు రాయి పెడతారు. మరుసటేడు పాతరాయి తీసివేసి కొత్తగా కొలుచుకోవాలి. నిరుటికన్న దూరం తగ్గిందని ఏడ్వరాదు, పెరిగిందని గర్వించరాదు. కొలతను కాగితంమీద ఎక్కించరాదు. ఈ నియమం పాటించినవారికి కాలు తడబడదని, తలపెట్టిన పని గీత దాటదని పెద్దల మాట.

మూడేళ్ళ కిందట ముదస్సిర్ వద్దనుంచి ఒక లేఖ వచ్చింది. “మాస్టర్ సాబ్, లావెక్కాను. ఇప్పుడు పరుగు లేదు, కేకలే. నా వద్ద నలభై మంది బౌలింగ్ నేర్చుకొంటున్నారు. నా నవారు చీకిపోయింది. ఆనాడు మీరు పొడవు కొలిచి పుస్తకంలో వ్రాసుకొన్నారు గదా, అది ఎన్ని అడుగులో దయచేసి తెలపండి. దీవెన, బరకత్ ఉన్న కొలత. నలభై మందికీ అదే కట్టిస్తాను.”

ఆ పుస్తకం నావద్ద భద్రంగానే ఉన్నది. ముదస్సిర్ అంటే నాకు ప్రీతి. చూడకపోయినా అతని నలభై మందీ నాకు కావలసినవారే. అందుచేతనే ఆ లేఖకు జవాబు వ్రాయలేదు.