కాలిన పలక మీద కడవ నీళ్ళు

అనగనగా ఒక ఊళ్ళో, ఇటు తిరిగి పడుకో, కాళ్ళు నా మీద వేయకు, ఇద్దరు తోడికోడళ్ళు ఉండేవాళ్ళు. పెద్దామె నాంచారమ్మ, చిన్నామె శేషారత్నం. ఇద్దరికీ పక్కపక్కనే తమలపాకు తోటలు. తమలపాకంటే మాటలా? రెండు పూటలు నీళ్ళు తగ్గితే ముఖం వేలాడేస్తుంది.

ఆ తోటల్లోకి కరెంటు రాలేదు. అందుకని ఇద్దరూ ఒకే కొట్లో సోలార్ పలకలు కొని, ఎండతోనే మోటార్లు నడుపుకున్నారు. రత్నం రాటలు పాతించి, కింద గాలాడేట్టు పలకల్ని ఎత్తున కట్టించింది. నాంచారమ్మ పుట్టిల్లేమో మిరపకాయల ఊరు. ఎండ ఎంత మండితే కాయ అంత గలగలలాడుతుందని ఆవిడకు ఉగ్గుపాలతో వచ్చిన చదువు. అందుకే మోటారు పాక రేకుల మీద, చెయ్యి పెడితే బొబ్బలెక్కే చోట, పలకల్ని రేకుకు అంటించి పరిపించింది. చూస్తుండండి, నా మోటారు ముందు రత్నం మోటారు దిగదుడుపే అంది.

చలికాలం రెండు మోటార్లూ సమానంగానే పోశాయి. ఆ తర్వాత ఎండలు ముదిరాయి. అప్పుడు మిట్టమధ్యాహ్నం రత్నం గొట్టంలో నీళ్ళు దబదబా పడుతుంటే, నాంచారమ్మ గొట్టంలో ధార చిక్కిపోయింది. చివరి సాళ్ళకు నీళ్ళు అందలేదు. అక్కడి తీగలు వాడి, పాకిన అవిశ చెట్ల మీంచి జారిపోతున్నాయి. నాంచారమ్మ కడుపు భగ్గుమంది. తన తోట ఎండుతున్నందుకు సగం, రత్నం తోట ఎండనందుకు సగం.

కొట్టువాడు రత్నానికి మంచివిచ్చి, తనకు నాసివి అంటగట్టాడని మొదలుపెట్టింది. పలకలు మార్చుకుందాం అని పట్టుబట్టింది. రత్నం పాపం సరేనంది. మార్చారు. అప్పుడేమైందనుకున్నావు? రాటల మీదకు పోయిన ఆ నాసి పలకలే దబదబా పోశాయి. రేకుల మీదకొచ్చిన మంచి పలకలు మూలిగాయి. ఆ పూట నాంచారమ్మకు అన్నం సయించలేదు.

ఆ తర్వాత, వేడి ఇంకా చాలలేదేమో అనుకుంది. గాలి వచ్చే వైపు తడికెలు కట్టించి, పాక చుట్టూ మూసేసింది. రేకు పెనంలా కాలింది. ధార ఇంకాస్త చిక్కింది.

అప్పుడు రత్నం ఏదో పెళ్ళికని పుట్టింటికి వెళ్ళింది. నా ధార పెరగకపోతే పీడాపాయె, దానిది తగ్గితే చాలు అనుకుంది నాంచారమ్మ. చూశావా కుళ్ళు ఎంతదాకా తీసుకుపోతుందో! మోటారు వేడి మీద కదా నడిచేది, ఆ వేడి కాస్తా చంపేస్తే సరి అని, బావిలోంచి కడవతో నీళ్ళు మోసి, నిచ్చెనెక్కి రత్నం పలకల మీద కుమ్మరించింది. నువ్వు పోసేవు సుమా, కాలిన అద్దం మీద చన్నీళ్ళు పడితే పగులుతుంది. ఆ రోజు ఎవరి పుణ్యమో పగల్లేదు.

దిగొచ్చి చూస్తే ధార ఇంకా లావెక్కింది. నమ్మలేక మళ్ళీ పోసింది. మళ్ళీ లావెక్కింది. నాంచారమ్మ గట్టు మీద చతికిలబడి భోరుమంది. ఓర్వలేక పోసిన నీళ్ళు కూడా తోడికోడలికే మేలు చేస్తే ఎవరితో చెప్పుకుంటుంది?

ఏడ్చి ఏడ్చి లేచి, తన పాక ఎక్కి పలక మీద చెయ్యి వేసింది. చురుక్కుమంది. అప్పటికి బుర్రకెక్కింది. ఎండలో వెలుతురూ ఉంది, వేడీ ఉంది. పలక తినేది వెలుతుర్ని. వేడెక్కిందా, దానికి జ్వరం వచ్చినట్టే. జ్వరమొచ్చిన మనిషి ఏం పని చేస్తాడు చెప్పు.

ఆ తర్వాత రత్నం పెళ్ళి లడ్డూలు పట్టుకుని వచ్చింది. గట్టున మేకలు కాసేవాళ్ళు ముందే చెప్పేశారట. నేను లేకపోయినా నా పలకలకు నీళ్ళు పోసి చల్లబరిచావటక్కా, ఎవరు చేస్తారు ఇంత, అని చేతులు పట్టుకుంది. నాంచారమ్మ ఊరుకుంటే సరిపోయేది, మంచిపేరు మిగిలేది. కానీ కొరికిన లడ్డూ పక్కన పెట్టేసింది.

"చల్లబరుద్దామని పోయలేదే రత్నం. నీ మోటారు చంపుదామని పోశాను."

రత్నం ముఖం మాడిపోయింది. వాడిపోయిన అక్క తోట వంక చూసింది. అప్పుడు కొంగు నడుముకు దోపి, పలుగు అందుకుంది.

"అయితే నీదాన్నీ అలాగే చంపుదాం పద. రాటలు ఎక్కడ పాతమంటావ్?"

ఇద్దరూ కలిసి పలకల్ని ఎత్తున కట్టారు. చివరి సాళ్ళ దాకా నీళ్ళు పారాయి. మరి నాంచారమ్మ కుళ్ళు పోయిందా అంటే, ఎక్కడ పోతుందిలే, ఆ తర్వాత కూడా రత్నం గొట్టం వంక ఓరగా చూస్తూనే ఉండేది. కాకపోతే రత్నం ఊరెళ్తే మాత్రం, ముందు దాని తోటకే నీళ్ళు పెట్టేది.

కథేమో కంచికి,
కుళ్ళేమో కాలవకి,
నా బంగారుకొండేమో నిద్రకి.