సముద్రం వైపు తిరిగిన నక్షత్రం

పూర్వం తూర్పుతీరాన శంకువానిపాలెమనే బెస్తపల్లెలో, నాటుపడవలు తప్ప మరో ఆస్తి ఎరుగని జనానికి తాటాకు మందిరంలో వాక్యం చెప్పి, పిల్లలకు అక్షరాలు దిద్దించే తీతయ్య అనే ఉపదేశి ఉండేవాడు. మెట్ట ఊళ్లో పుట్టినవాడు కనుక సముద్రం సంగతి అతనికి తెలియదు. అతని వెంట వచ్చిన తమ్ముడు సీలాసు మాత్రం చేపలవేట నేర్చి పల్లెవాళ్లలో ఒకడైపోయాడు. బాప్తిస్మం పొంది మూడేళ్లే అయిన ఆ పల్లెను పాతమొక్కుల నుంచి విడిపించాలన్న ఆవేశం తీతయ్య గుండెలో అఖండదీపమై వెలిగేది. ఆ దీపపు పొగే తన కళ్లను కమ్ముతోందని పాపం అతనికేం తెలుసు!

ఒక మార్గశిరంలో పాదిరీ దొర వచ్చి, దూరదేశాల్లో క్రీస్తు జయంతి జరిపే వైభవాన్ని సవిస్తరంగా వర్ణించాడు. తూర్పుదేశపు జ్ఞానులకు ఒక నక్షత్రం దారి చూపి శిశువు దగ్గరకు నడిపించిందనీ, మంచు కురిసే తమ సీమలో చెట్లన్నీ మోడువారిన వేళ పచ్చగా నిలిచిన వృక్షాన్ని ఇంట్లోకి తెచ్చి దాని కొనన ఆ నక్షత్రాన్ని నిలుపుతారనీ చెప్పగా, తీతయ్య మనసులో ఒకే చెట్టు మెదిలింది. అది ఊరి పక్క ఇసుకదిబ్బ మీద ఒంటరిగా పెరిగిన సరుగుడు.

దాన్ని నాటింది నూకరత్నం. మంచులో ఏరు సముద్రంలో కలిసే మొగ కనబడక పెనిమిటి సముద్రం పాలైన ఏడు, ఇసుకలో చెలమ తవ్వి, కడవలతో నీళ్లు మోసి ఆ మొక్కను బతికించింది. అది పెరిగాక, వేట నుంచి మళ్లే పడవలన్నీ దాన్ని చూసే మొగలోకి తిరిగేవి. ఆమె రోజూ నీళ్లు పోసి మాను నిమరడం తీతయ్యకు చెట్టుపూజగా తోచింది. ఎందుకని ఒక్కమాట అడగవచ్చు కదా? అడగలేదు.

పండగకు రెండు రోజుల ముందు, మగవాళ్లు మూడు పడవల్లో వేటకు పోయి ఉండగా, అతను గొడ్డలి పట్టుకొని దిబ్బ ఎక్కాడు. నూకరత్నం మానుకు అడ్డంపడింది.

"అయ్యోరూ, ఇది ఒట్టి చెట్టు కాదయ్యా, గురుతు. మగోళ్లంతా నీళ్ల మీదున్నారు. కొట్టకు!"

"చెట్టుకు మొక్కేదానివి, నువ్వా నాకు గురుతులు చెప్పేది? మందిరంలో చుక్క పెడతాం. అదే గురుతనుకో."

"నీ మందిరం నీళ్ల మీంచి అవుపడతాదా?"

తీతయ్య ఆమెను పక్కకు నెట్టి గొడ్డలి ఎత్తాడు. సాయంత్రానికి చెట్టు మందిరంలో నిలిచింది.

పండగ ముందునాటి ఉదయం సముద్రమూ ఆకాశమూ ఏకమయ్యేంత మంచు కమ్మింది. నూకరత్నం మందిరంలోకి దూసుకుపోయి, చెట్టుకొనన ఉన్న కాగితపు నక్షత్రాన్ని లోపలి దీపంతో సహా ఊడదీసి, గెడకు కట్టి, దిబ్బ మీది మోడునెక్కి నిలబడింది. ఈసారి తీతయ్య అడ్డుచెప్పలేదు. గెడ మొదలు తానే పట్టుకొన్నాడు. మూరెడు దూరమైనా పారని ఆ వెలుగు కింద వాళ్లు మధ్యాహ్నం దాకా నిలువుకాళ్ల మీద ఉన్నారు.

రెండు పడవలు వచ్చాయి.

"మన చెట్టు బాగా అవుపడింది అయ్యోరూ! కొన మీద చుక్క కూడా ఎట్టారేటి?" అంటూ నవ్వుతూ దిగినవాళ్లు, మోడును చూసి పరుగున దిబ్బ ఎక్కి దాన్ని తడిమారు. చెట్టు మందిరంలో పడి ఉంది. మరి వాళ్లకు కనిపించింది ఏమిటి? ఆ మహిమ దైవానికే ఎరుక.

మూడో పడవ సీలాసుది. అన్న మందిరంలో పాట ఎత్తుకోవాలని అతను అందరికంటే ముందు, చుక్క ఎత్తకముందే, మొగ వైపు వచ్చాడు. సముద్రం తెడ్డు ఒక్కటే తిరిగి ఇచ్చింది.

తీతయ్య నూకరత్నం కాళ్ల మీద పడ్డాడు. ఆమె అతని చేతికి కడవ ఇచ్చింది. "నాకు మొక్కి ఏం లాభం అయ్యోరూ? మోడుకు నీళ్లు పొయ్యి."

బతికినన్నాళ్లూ పోశాడు. ఆ మోడు చిగిర్చి పెరిగిన సరుగుడునే నేడు చుక్కదిబ్బ అని పిలిచే ఆ ఇసుకదిబ్బ మీద చూస్తాం. దాన్ని ఎవరూ నరకరు. మందిరంలోకి చెట్టును తీసుకురారు. క్రిస్మస్‌కు ఊరి తొలి నక్షత్రం దాని కొమ్మకే, సముద్రం వైపు ముఖం తిప్పి కడతారు. ఊరికి దాని వీపే కనబడుతుంది. కొత్తవాళ్లెవరైనా ఇటు తిప్పి కట్టరాదా అని అడిగితే, పల్లె ఆడవాళ్లు ఇప్పటికీ ఒకటే అంటారు:

"మేం ఇళ్లకాడే ఉన్నాం కదమ్మా."