ఎర్ర స్టూలు

ఉస్తాదమ్మ దగ్గర రెండున్నరేళ్ళు పనిచేసినా సలోమికి ఒక్క సంగతి మాత్రం మింగుడు పడలేదు. ఫోన్‌ని పాత వెర్షన్‌కి తీసుకెళ్ళే పని తను నలభై నిమిషాల్లో చేసెయ్యగలదు. అదే పనికి ఉస్తాదమ్మ సగం రోజు తీసుకుంటుంది. ఒక్కోసారి మర్నాటికి కూడా వాయిదా వేస్తుంది.

ఒంగోలు బస్టాండు వెనక సందులో సెల్‌ఫోన్ రిపేరు కొట్లు పదిహేడున్నాయి. పదహారు మగవాళ్ళవి. పదిహేడోది ఖాసింబీది. రేడియోలు బాగుచేసే తండ్రి పక్కన కూర్చుని పని నేర్చుకున్న మనిషి. ఆ సందులో సగంమందికి వేళ్ళు కాలకుండా సోల్డరింగు ఇనుము పట్టుకోవడం నేర్పింది ఆమే. అందుకే మీసాలు నెరిసినవాళ్ళు కూడా ఆమెని ఉస్తాదమ్మ అనే పిలుస్తారు.

కొత్త అప్‌డేట్ వేసుకున్నాక ఫోన్ ఈడుస్తోందని, చార్జింగు మధ్యాహ్నానికే చచ్చిపోతోందని, పాతదే నయమని రోజుకి ఇద్దరైనా వస్తారు. కేబుల్ తగిలించి, కంప్యూటర్లోంచి పాత వెర్షన్ ఎక్కించాలి. అది ఎక్కాలంటే ఫోన్లో ఉన్నవన్నీ తుడుచుకుపోవాలి. ఫొటోలు, మెసేజీలు, నంబర్లు, ఏదీ మిగలదు. ఆ పని తీరే అంత.

ఆ పనికి ఉస్తాదమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. ఎవరి ఫోనో వాళ్ళే రావాలి. కౌంటరు ముందున్న ఎర్ర ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చోవాలి. "దీంట్లో ఉన్నవన్నీ పోతాయి. ఒప్పుకుంటారా?" అని ఆమె మూడుసార్లు అడుగుతుంది. మూడోసారి కూడా సరేనంటే, తుడిచే బటన్ వాళ్ళే తమ వేలితో నొక్కాలి. రెండో ప్రశ్నకే చాలామందికి ఏదో ఒకటి గుర్తొస్తుంది. చచ్చిపోయిన తల్లి గొంతు, ఆసుపత్రి కాగితం ఫొటో. "ఆగండి ఆగండి" అంటారు. అప్పుడు అవన్నీ వేరేచోట దాచేదాకా ఉస్తాదమ్మ కేబుల్ ముట్టుకోదు.

నిఖాలో పెళ్ళికూతుర్ని ఒప్పుకుంటావా అని మూడుసార్లు అడిగినట్టుందని ఎదుటి కొట్టు రఫీకి ఇదంతా వేళాకోళం.

"ఉస్తాదమ్మా, ఇవాళ ఎన్ని నిఖాలు చేయించావు?"

"రెండు. నీ నిఖా రోజున నీ పెళ్ళాన్ని ఎవరైనా అడిగారో లేదో ఇంటికెళ్ళి కనుక్కో ముందు."

సందంతా నవ్వేది. సలోమికి మాత్రం సిగ్గనిపించేది. పాలిటెక్నిక్ చదివింది తను. వచ్చే నెల ఈ సందు చివరే సొంతంగా కొట్టు పెడుతోంది. షట్టరుకి రంగు కూడా వేయించింది. పద్దెనిమిదో కొట్టు, ఆడవాళ్ళలో రెండోది. అక్కడ ఈ పెళ్ళి తంతు ఉండకూడదని ఎప్పుడో తీర్మానించుకుంది.

మొన్న పూలమ్మే రమణమ్మ ఒక ఫోన్ పట్టుకొచ్చింది. "మా ఆయనది. కొత్తది ఏదో పడి అస్తమానం ఆగిపోతోంది. పాతది ఎక్కించమ్మా," అంది.

సలోమి ఫోన్ ముట్టుకోలేదు. "ఆయనది నువ్వు తెస్తే ఎట్లా? ఆయన్నే రమ్మను. ఏముందో ఏంటో, తర్వాత మా మీదికొస్తే?"

రమణమ్మ ఫోను తీసుకుని వెళ్ళిపోయింది. ఉస్తాదమ్మ భూతద్దంలోంచి కన్ను ఎత్తి సలోమిని ఒకసారి చూసి, మళ్ళీ పనిలో పడింది. పద్ధతి పాటించానని మెచ్చుకుంటోంది కాబోలు అనుకుంది సలోమి.

సోమవారం ఉస్తాదమ్మ కంటి ఆసుపత్రికి వెళ్ళింది. కొట్లో సలోమి ఒక్కతే ఉంది.

పదకొండు గంటలకి ఒకాయన వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో కళ్ళజోడు. ఏదో కాలేజీలో పాఠాలు చెప్తానన్నాడు. గొంతు పెంచడం ఎరగని మనిషిలా ఉన్నాడు.

"మా ఆవిడ ఫోను తల్లీ. అప్‌డేట్ పడ్డాక ఒకటే సతాయిస్తోంది. కొన్నప్పుడు ఎట్లా ఉందో అట్లా చేసిపెట్టు."

ఫోన్ తెరిచే నంబరు అడగకముందే చెప్పాడు.

"అన్నీ పోతాయండీ," అంది సలోమి, ఒక్కసారి.

"అన్నీనా?"

"అన్నీ."

"తర్వాత ఎవరైనా మళ్ళీ తెప్పించగలరా?"

అక్కడే సలోమి గర్వం గొంతులోకొచ్చింది. "నేను తుడిచాక దేవుడు కూడా తెప్పించలేడండీ."

ఆయన నవ్వాడు. "మంచి పనిమంతురాలివి తల్లీ."

ముప్ఫయ్యారు నిమిషాల్లో అయిపోయింది. అంత తొందరగా ఆ సందులో ఎవరూ చెయ్యలేదు. బటన్ సలోమే నొక్కింది. ఎర్ర స్టూలు మీద ఆయన తన సంచీ పెట్టుకున్నాడు. ఆయన వెళ్ళాక సలోమి రఫీని పిలిచి మరీ చెప్పుకుంది.

మర్నాడు కొట్టు తెరిచిన కాసేపటికి ఒకామె వచ్చింది. ముప్ఫయ్యేళ్ళుంటాయి. పేరు హైమవతి అని చెప్పింది. చేతిలో అదే ఫోను.

"నిన్న దీన్ని బాగు చేసింది ఇక్కడేనా?"

"ఇక్కడే అక్కా, నేనే చేశా. ఇప్పుడు బాగా నడుస్తోందా?"

"నడుస్తోంది." ఆమె ఫోన్ కౌంటరు మీద పెట్టింది. "దీంట్లో రికార్డింగులు ఉండాలి. నలభై ఒకటి. ఎక్కడున్నాయో తీసివ్వమ్మా."

"పాటలా అక్కా?"

"కాదు. ఆయన మాటలు."

సలోమికి అర్థం కాలేదు. లోపల భూతద్దం ముందున్న ఉస్తాదమ్మ చెయ్యి మాత్రం ఆగిపోయింది.

"తలుపు గడియ పెట్టాక ఆయన మాట్లాడే మాటలు," అంది హైమవతి. పక్కింటివాళ్ళు వింటారేమో అన్నట్టు మెల్లగా, అలవాటైన గొంతుతో. "నన్ను ఎట్లా చంపుతాడో, ఎక్కడ పడేస్తాడో, నేను చెప్తే ఎవరూ ఎందుకు నమ్మరో, అన్నీ వివరంగా చెప్తాడు. పాఠం చెప్పినట్టు. మా అన్న కూడా నమ్మలేదు. ఆయన్ని చూస్తే ఎవరు నమ్ముతారు? అందుకని ఏడు నెలలు దిండు కింద పెట్టుకుని రికార్డు చేశా. సాయంత్రం లాయరమ్మకి వినిపించాలి. విన్నాక కేసు పెడదామంది."

"ఇంకెక్కడైనా దాచుకున్నావా అమ్మా?" లోపల్నించి ఉస్తాదమ్మ అడిగింది.

"లేదండీ. ఆ ఫోన్లో అకౌంటు పెట్టింది ఆయనే. అన్నీ ఆయనకి కనపడతాయేమోనని బ్యాకప్ నేనే ఆపేసుకున్నా." ఆమె సలోమి వైపు తిరిగింది. "స్నానానికి వెళ్ళొచ్చేసరికి ఫోను లేదు. నెమ్మదిగా నడుస్తోందని బాగు చేయించడానికి తీసుకెళ్ళానన్నాడు. కొంచెం వెతుకమ్మా. ఎక్కడో ఉంటాయిగా?"

సలోమి ఏదో అనబోయింది. 'దేవుడు కూడా' అన్న తన మాటే చెవిలో వినపడింది.

ఉస్తాదమ్మ బయటికొచ్చింది. తిట్టలేదు. ఫోను తీసుకుని సలోమి ముందు పెట్టింది.

"వెనక్కి తిప్పు."

"ఉస్తాదమ్మా..."

"ఏ ఫోనైనా వెనక్కి తిప్పుతానంటావుగా. రెండేళ్ళ కిందటికి తిప్పినదానివి. నిన్న పొద్దుటికి తిప్పలేవా?"

సలోమి కేబుల్ తగిలించింది. తుడిచిపోయినవి వెతికే సాఫ్ట్‌వేర్లు తనకు తెలిసినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి పెట్టి చూసింది. హైమవతి నిలబడే ఉంది. కంప్యూటర్ తెర మీద గీత కదిలినప్పుడల్లా ముందుకి వంగేది. గీత చివరికి చేరేది. దొరికినవి సున్నా. మళ్ళీ ఇంకోటి. మళ్ళీ సున్నా. అట్లా గంటన్నర గడిచింది. ఫోన్ మాత్రం అప్పుడే అట్టపెట్టెలోంచి తీసినట్టు 'స్వాగతం' అని పలకరిస్తూ, ఏ భాష కావాలో అడుగుతోంది.

హైమవతికి చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె వంగడం మానేసింది. ఏడవలేదు. "ఇంక ఆయన చెప్పినట్టే అవుద్ది," అంది ఎవరితోనో అన్నట్టు.

"మొన్న రమణమ్మ వచ్చినప్పుడు ఏమన్నావు?" ఉస్తాదమ్మ అడిగింది.

"మీ ఆయన్నే రమ్మను అన్నా."

"నిన్న ఆయన వచ్చినప్పుడు?"

సలోమి తలెత్తింది. పాలిటెక్నిక్, ముప్ఫయ్యారు నిమిషాలు, పద్దెనిమిదో కొట్టు, ఒక్కటీ ఆదుకోలేదు. నిన్న ఆ మాట తనకి తోచనైనా తోచలేదు. పెళ్ళాం ఫోను మొగుడు తెచ్చాడు, అంతే. అందులో అడగడానికి ఏమైనా ఉంటుందని కూడా అనిపించలేదు.

ఉస్తాదమ్మ ఎర్ర స్టూలు ముందుకి లాగింది. "కూర్చో."

రెండున్నరేళ్ళలో సలోమి ఎప్పుడూ ఆ స్టూలు మీద కూర్చోలేదు. కౌంటరుకి అటువైపు వెళ్ళి కూర్చుంది. అక్కణ్ణించి చూస్తే కౌంటరు చాలా ఎత్తుగా ఉంది.

"నిన్న ఆయన ఏం అడిగాడో, నువ్వేం చెప్పావో, నీ చేత్తో ఏం చేశావో నీకు గుర్తుంది. ఫోన్లో లేకపోయినా నీలో ఉంది. అది పోలీసుల ముందు చెప్తే నీ పేరు పోద్ది సలోమీ. ఈ సందులో నీకెవరూ ఫోన్ ఇవ్వరు. ఒప్పుకుంటావా?"

సలోమికి రంగు వేయించిన షట్టరు గుర్తొచ్చింది. "ఒప్పుకుంటా."

"ఆయన పెద్దమనిషి. నువ్వే డబ్బాశకి చేశావంటాడు, నీకు పని రాదంటాడు, ఇంకా ఏమైనా అంటాడు. నీ పేరు పోద్ది. ఒప్పుకుంటావా?"

ఈసారి కాస్త ఆలస్యమైంది. కాగితం చూడకుండా ఆయన చెప్పిన నంబరు సలోమి చెవిలో మోగింది. 'ఎవరైనా మళ్ళీ తెప్పించగలరా' అన్న మెత్తటి గొంతు వినపడింది. ఫోన్ బాగవ్వాలనుకునేవాడు అడిగే మాట కాదది. అప్పుడే తెలియాల్సింది.

"ఒప్పుకుంటా."

"రేపు కోర్టులో ఆయన లాయరు నిలబెట్టి, నిన్ను నువ్వే ఎందుకు దొంగని చేసుకుంటున్నావని నవ్వుతాడు. నీ పేరు పోద్ది. ఒప్పుకుంటావా?"

"ఒప్పుకుంటా ఉస్తాదమ్మా."

ఎదుటి కొట్లో రఫీ చేస్తున్న పని ఆపి చూస్తున్నాడు.

సలోమి గబుక్కున లేచింది. చున్నీ సర్దుకుని, బ్యాగు భుజాన వేసుకుంది. "పద అక్కా, స్టేషన్‌కి పోదాం. మహిళా స్టేషన్ దగ్గరే. నేనే మొత్తం రాసిస్తా. ముందు అక్కడికెళ్ళి, తర్వాత మీ లాయరమ్మ దగ్గరికి..." అంటూ హైమవతి చెయ్యి పట్టుకుని గుమ్మం దిగబోయింది.

"సలోమీ," అంది ఉస్తాదమ్మ.

సలోమి వెనక్కి తిరిగింది.

"ఆమెని అడిగావా?"

సలోమి తన చేతిని చూసుకుంది. అది హైమవతి మణికట్టుని పట్టుకుని ఉంది. కాలినట్టు వదిలేసింది. గాజుల కింద, తను పట్టుకున్నచోటే, అంతకుముందు ఎవరో పట్టుకున్న నల్లటి మచ్చలున్నాయి.

పొద్దుట్నించీ ఆమె నిలబడే ఉందన్న సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఇంతసేపట్లో ఆమెని ఎవరూ కూర్చోమనలేదు. సలోమి ఎర్ర స్టూలు తెచ్చి, చున్నీ కొంగుతో తుడిచి, ఆమె పక్కన పెట్టింది. హైమవతి కూర్చుంది. సలోమి ఎదురుగా గుమ్మం మెట్టు మీద కూర్చుంది.

"అక్కా, నేను చేసిన పని నేనే చెప్తా. ఆయన తుడిపించాడని సాక్ష్యం చెప్తా. దాంతో ఆయనకి తెలిసిపోద్ది. దానికి ఒప్పుకుంటావా?"

హైమవతి గాజులు కిందికి లాక్కుని ఆ మచ్చలు కప్పుకుంది.

సలోమి ఆగింది. పక్క కొట్లో ఎవరిదో ఫోను మోగి మోగి ఆగిపోయింది.

"నువ్వు వద్దంటే ఎక్కడికీ వెళ్ళను. ఎప్పుడంటే అప్పుడే వస్తా. ఒప్పుకుంటావా?"

హైమవతి కౌంటరు మీద నుంచి ఫోను తీసుకుంది. ఏ భాష కావాలని అది ఇంకా అడుగుతూనే ఉంది. ఆమె దాన్ని ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఉస్తాదమ్మ కదల్లేదు. సలోమి తొందరపడలేదు. ఆ కొట్లో ఆమె తొందరపడకపోవడం అదే మొదలు.

"మూడోసారి అడుగుతున్నా అక్కా," అంది సలోమి. "ఒప్పుకుంటావా?"

హైమవతి ఫోను తెర మీద తన వేలు పెట్టి, తెలుగు అన్న మాట నొక్కింది. ఇంకేవేవో అడిగితే ఒక్కొక్కటే చదివి నొక్కింది. తెరిచే నంబరు అడిగినప్పుడు మాత్రం ఫోన్‌ని గుండెకి దగ్గరగా పెట్టుకుని, ఎవరికీ కనపడకుండా కొత్త నంబరు పెట్టుకుంది.

తర్వాత తలెత్తింది.

"దీంట్లో ఒక్క పేరు కూడా లేదు," అంది. "ముందు నీ నంబరు చెప్పు."