పూడ్చిన గుంట

నీకే చెబుతున్నాను, తల తిప్పుకోకు. తప్పును సరిదిద్దడం వేరు, కనపడకుండా చేయడం వేరు. రెండూ ఒకటేనని నీ చేతికి నేర్పుకున్నావు. పైగా దానికి పనితనం అని పేరు పెట్టుకున్నావు. కూర్చో. ఈశ్వరాచారికి జరిగింది విను.

నంద్యాల అవతల, రాయి తీసి వదిలేసిన నాపరాతి గని ఒకటి ఉండేది. అందులో హుస్సేనప్ప అనే ముసలాయన రైఫిల్ కాల్చడం నేర్పేవాడు. సైన్యంలో ఇరవై ఏళ్ళు తుపాకులు బాగుచేసి వచ్చిన మనిషి. అందరూ ఆయన్ను ఉస్తాద్ అనేవాళ్ళు. కాల్చడానికి వేలాడదీసే ఇనుప పలకలను ఆయన కొనడు, షెడ్డులోనే చేయించేవాడు. ఆ పని నేర్చుకోవడానికి వచ్చినవాడే ఈశ్వరాచారి. పుట్టుకతోనే కమ్మరి, చేతిలో మంచి పని ఉన్నవాడు. ఆ సంగతి అతనికి మరీ బాగా తెలుసు.

హుస్సేనప్ప ఇనుమును ఎంచే తీరు చూడాలి. పలక అంచు మీద ఆకురాయి పెట్టి ఒక్క గీటు గీసేవాడు. ఆకురాయి కొరికితే పక్కకు నెట్టేసేవాడు. గాజు మీద జారినట్టు జారితే పలకను రెండు చేతులా ఎత్తి, ప్రార్థనకు వంగినట్టు తల వంచి, చెవి ఆనించి వేలితో కొట్టి వినేవాడు.

"ఇంత గట్టిది పెడితే తూటా వెనక్కి తన్నదా, ఉస్తాద్? మెత్తదైతే మింగేస్తుంది కదా?" అని ఈశ్వరాచారి మొదటి ఏడే అడిగాడు.

హుస్సేనప్ప అతన్ని అప్పుడే తూటా తగిలిన పలక దగ్గరికి తీసుకెళ్ళాడు. పలక మీద గీత కూడా లేదు. తగిలిన చోట బూడిద రంగు పువ్వు ఒకటి విచ్చుకుని ఉంది. అరచేతితో తుడిస్తే పువ్వు పోయింది, ఉక్కు మిగిలింది. అంత వేగంగా వచ్చిన సీసం అంతా కింద మట్టిలో పిండిగా రాలి ఉంది. ఈశ్వరాచారి ఆ పిండిని వేళ్ళతో తాకి చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు.

"మెత్తది గుంట పడతాదప్పా," అన్నాడు ఉస్తాద్. "గుంటలోకి పోయిన తూటా వచ్చిన దారినే తిరిగొస్తాది. గుంట పడిన పలకను మల్లా వేలాడదీయొద్దు. ఈ ఉక్కుకు నిప్పు చూపించొద్దు, పదును పోతాది. ఈ రెండూ గుర్తు పెట్టుకో, చాలు."

ఆరేళ్ళు ఈశ్వరాచారి ఆ మాట తప్పలేదు.

ఒకసారి ఎవరో పెద్ద రైఫిల్ తెచ్చి, చెప్పినదానికన్నా దగ్గర నుంచి కాల్చి రెండు మంచి పలకలను పాడుచేశారు. ఒక్కోదాని మీద చింతగింజంత గుంట. హుస్సేనప్ప చూసి, "తీసి పడేయ్, గేటుకు పనికొస్తాయి," అని వెళ్ళిపోయాడు.

కమ్మరివాడికి గుంట కనపడితే చేయి ఊరుకోదు. ఇంత మంచి ఉక్కు, ఇంత చిన్న గుంట. ఉస్తాద్ ఊళ్ళో లేని వారంలో ఈశ్వరాచారి ఆ గుంటల్లో వెల్డింగ్ పోసి పూడ్చాడు. రెండు రోజులు అరగదీశాడు. తెల్ల రంగు వేశాడు. చేసినవాడికే చోటు దొరకనంత నున్నగా వచ్చాయి. ఒకటి తీసుకెళ్ళి నాలుగో వరసలో వేలాడదీశాడు. రెండోది ఉస్తాద్ రాగానే ఆయన ముందు పెట్టాడు.

"ఉస్తాద్, ఇది మీరు గేటుకు పనికొస్తుందన్న పలకే. గుంట ఎక్కడుందో చెప్పండి."

హుస్సేనప్ప పలకను వెలుతురుకు తిప్పాడు. అరచేత్తో నిమిరాడు. కళ్ళు మూసుకుని మళ్ళీ నిమిరాడు.

"దొరకలేదప్పా ఆచారీ. గెలిచినావు."

ఈశ్వరాచారి మొహం వెలిగిపోయింది.

"చొక్కా విప్పు," అన్నాడు ఉస్తాద్.

"ఎందుకు ఉస్తాద్? బహుమానంగా కొత్తది పెడతారా?"

"విప్పు సామీ, చెప్తా."

ఉస్తాద్ ఆ పలకను తీసుకెళ్ళి వేలాడదీశాడు. దానికి ముప్పై గజాల దూరంలో, కాల్చేవాడు నిలబడే చోట ఒక వెదురుబొంగు పాతి దానికి ఆ చొక్కా తొడిగాడు. పక్కనే ఇసుకమూటల మధ్య రైఫిల్ బిగించి, మీటకు తాడు కట్టాడు. ఇద్దరూ వెళ్ళి రాతిగోడ వెనక కూర్చున్నారు. ఉస్తాద్ తాడు లాగాడు. పలక గంటలా మోగింది. మళ్ళీ లాగాడు. మళ్ళీ మోగింది. లేచి వెళ్ళి మూటను వేలెడంత జరిపి, వచ్చి మళ్ళీ రెండుసార్లు లాగాడు.

"ఎన్ని కాల్చినా అంతే ఉస్తాద్," అన్నాడు ఈశ్వరాచారి, ఒంటి మీద చొక్కా లేకుండా నవ్వుతూ.

మూటను ఇంకొంచెం జరిపి లాగిన ఐదోసారి పలక మోగలేదు. తడిమట్టి మీద గుద్దినట్టు దబ్బుమంది. ఆరోసారి కూడా అదే చప్పుడు. దాని వెంటే వెదురుబొంగు ఒక్కసారి ఊగింది.

గాలి లేదు.

ఇద్దరూ వెళ్ళి చూశారు. చొక్కా మెడపట్టీకి రెండు వేళ్ళ కింద పప్పుబద్దంత చిరుగు. ఈశ్వరాచారి చేయి తెలియకుండానే తన గొంతు కింది గుంటను తాకింది.

హుస్సేనప్ప బొంగును పెరికి పక్కన పడేశాడు. చొక్కా తీసుకుని షెడ్డు గుమ్మంలో కూర్చున్నాడు. ఆయన తల్లి ఊళ్ళో బట్టలకు రఫూ చేసి పిల్లలను సాకిన మనిషి. ఆ పని కొడుకుకూ వచ్చు. చొక్కా అంచు నుంచే దారాలు లాగి, సూదికి ఎక్కించి, చిరిగిన చోట పడుగూ పేకా అల్లడం మొదలుపెట్టాడు. మధ్యాహ్నం దాటింది. అన్నం చల్లారిపోయింది. ఆ ముసలి వేళ్ళ కింద చిరుగు పోగు తర్వాత పోగు మూసుకుపోతుంటే ఈశ్వరాచారి ఊపిరి బిగబట్టి చూశాడు. తన రెండు రోజుల పని దాని ముందు పిల్లల ఆటలా కనిపించింది.

ఉస్తాద్ చొక్కా దులిపి చేతికిచ్చాడు.

"చిరుగు ఎక్కడో చెప్పు."

ఈశ్వరాచారి వెతికాడు. వెలుతురుకు పట్టి చూశాడు. వేలితో తడిమాడు.

"దొరకలేదు ఉస్తాద్."

"చొక్కా బాగైంది," అన్నాడు హుస్సేనప్ప. "లోపలుండేటోడు?"

ఈశ్వరాచారి తల దించుకున్నాడు.

ఉస్తాద్ మెల్లగా అడిగాడు. "ఇట్లాంటిది ఇంకొకటి ఉండాల కదప్పా. అదేమైంది?"

ఇదిగో, ఇక్కడ విను. అప్పటిదాకా చేసింది తెలివితక్కువ. ఇక చేసింది పాపం. అంతా కళ్ళారా చూసిన మనిషి, తన గొంతు కింద తానే తడిమి చూసుకున్న మనిషి, సిగ్గుపడి ఒక్క మాట అన్నాడు.

"గేటు చేసేవాడికి ఇచ్చేశాను ఉస్తాద్."

మర్నాడు ఆదివారం. నేర్చుకునే పిల్లలు ఎనిమిదింటికి గాని రారు. తెల్లారగానే వెళ్ళి నాలుగో వరసలో పలక మార్చేస్తే ఎవరికీ తెలియదని లెక్క వేసుకున్నాడు. గుంటను పూడ్చినట్టే దీన్నీ పూడ్చేద్దామనుకున్నాడు.

పొద్దున కొత్త పలకను భుజాన వేసుకుని గనిలోకి దిగుతుంటే చప్పుడు వినిపించింది. పలక మోగిన చప్పుడు కాదు. దబ్బుమన్న చప్పుడు.

రేణుక అనే అమ్మాయి, రాష్ట్రపోటీలకు వెళ్ళవలసిన పిల్ల, తొందరగా వచ్చి హుస్సేనప్ప దగ్గర అనుమతి అడిగి రైఫిల్ పట్టింది. నాలుగో వరసలో నిలబడింది. ఆయన ఆమె వెనకే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, ఆ పలక సంగతి తెలియక; ఆ చప్పుడుకు ఉలిక్కిపడి అప్పుడే లేస్తున్నాడు.

"అమ్మా, ఆపు! ఉస్తాద్, ఆపండి!" అని ఈశ్వరాచారి అరిచాడు.

రేణుక చెవులకు చప్పుడు వినపడకుండా మూతలున్నాయి. ఉస్తాద్‌కు చెవులున్నాయి గాని అవి ఇనుమును విన్నంతగా దూరపు మాటను వినవు. ఈశ్వరాచారి పలకను రాళ్ళ మీద పారేసి పరుగెత్తాడు. ఆమె కళ్ళకు అద్దాలున్నాయి, గొంతుకు ఏమీ లేదు. అతని కళ్ళకు అద్దాలు కూడా లేవు. ఆమెను చేరి భుజం పట్టుకుని పక్కకు లాగుతూ, ఆమె నిలబడిన చోటికి తాను వచ్చాడు. ఆమె వేలు అప్పటికే మీట నొక్కింది.

తూటా గుంటలోకి పోయింది. వచ్చిన దారినే తిరిగొచ్చింది.

హుస్సేనప్ప అతన్ని ఒళ్ళో పడుకోబెట్టుకుని తన తలపాగా విప్పి మొహానికి అదిమిపెట్టాడు. "నేనే ఉస్తాద్, నేనే పెట్టినాను దాన్ని," అని ఈశ్వరాచారి చెబుతూనే ఉన్నాడు.

"తెలుసప్పా," అన్నాడు ముసలాయన. "చప్పుడు విన్నాను."

రేణుక ఆ ఏడు పోటీలకు వెళ్ళింది. హుస్సేనప్ప తర్వాత ఆ షెడ్డు ఈశ్వరాచారిదే అయింది. ఈనాటికీ పలక అంచున ఆకురాయి పెట్టి, తల వంచి చెవి ఆనిస్తాడు. రఫూ చేసిన ఆ చొక్కా మేకుకు వేలాడుతూ ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్ళను చిరుగు ఎక్కడో వెతకమంటాడు. ఎవరికీ దొరకదు.

వాళ్ళు చొక్కా వదిలి అతని మొహం వైపు చూస్తారు. కుడికన్ను ఉండాల్సిన చోట గుంట ఉంది. దాన్ని పూడ్చే చేయి ఎవరికీ లేదు.