వదిలేసిన ఏడు నాకులు

అనగనగా మూడు కొండల మధ్య ఒక పెద్ద అడవి. ఎండాకాలం వచ్చిందంటే ఆ అడవిలో గడ్డంతా మాడిపోయేది. ఏటి ఒడ్డున మాత్రం పచ్చిక నవనవలాడుతూ ఉండేది. కానీ అది ఒక్క మందకే సరిపోతుంది. అటు గుర్రాల మంద, ఇటు దుప్పుల మంద. మరి ఎవరు తినాలి?

కొట్టుకుని చావడం ఎందుకని అవి ఒక పద్ధతి పెట్టుకున్నాయి. ఏటా ఒక గుర్రం, ఒక దుప్పి పొద్దున్నే బయల్దేరి మూడు కొండలూ చుట్టి రావాలి. ఎవరు ముందొస్తే ఆ ఏడు పచ్చిక వాళ్ల మందది.

ఆ పరుగుకో ఆచారం ఉంది, తప్పనిసరి నియమం కాదు గానీ అందరూ పాటించేవారు. దారిలో మూడు మజిలీలు. ప్రతి మజిలీలో ఒక చెలమ, దాని పక్కనే ఒక బల్లపరుపు రాయి, రాయి మీద ఉప్పుమన్ను ముద్ద. పరుగెత్తేవాళ్లు అక్కడ ఆగి ఆ ముద్దను ఏడుసార్లు నాకాలి. ఆ తర్వాత దాహం తీరేదాకా నీళ్లు తాగి వెళ్లాలి. ముద్దలు చేసి పెట్టేది సూదయ్య తాత. ఆయనొక ముసలి ముళ్లపంది. ఉప్పు ఏ మూల ఉందో ముళ్లపందులకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు.

ఆ ఏడు గుర్రాల తరఫున పరుగెత్తేది గవ్వ. నుదుట గవ్వంత తెల్లమచ్చ ఉంటుందని దానికా పేరు. తల్లి లేని పిల్ల. మేనత్త జూలమ్మే పెంచింది, ఆవిడే పరుగు నేర్పింది. జూలమ్మ మంచిదే, పాపం. కాకపోతే తనకు తెలియనిది లేదనుకుంటుంది.

కిందటేడు గుర్రాలు తలంత తేడాతో ఓడిపోయాయి. మందలోని పిల్లలు ముళ్లకంపలు నమిలి పక్కటెముకలు తేలి తిరిగాయి. అది తలుచుకుంటే జూలమ్మకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అందుకే బాగా ఆలోచించి, పరుగు ముందురోజు గవ్వను పిలిచింది.

"ఒసేయ్ గవ్వా, ఈసారి నువ్వు ఉప్పు జోలికి పోవద్దు. ఆ ఏడు నాకులూ నాకేలోగా దుప్పి మలుపు దాటేస్తుంది. చెలమలో మూతి పెట్టి గబగబా నీళ్లు తాగు, పరుగెత్తు. దాహం వేసినా వెయ్యకపోయినా కడుపు నిండా తాగు. నీళ్లుంటే చాలు, ఒళ్లు దానంతటదే నడుస్తుంది."

"మరి అందరూ నాకుతారు కదత్తా?" అంది గవ్వ.

"అందరూ నాకుతారు కాబట్టే అందరూ ఆలస్యంగా వస్తారు" అంది జూలమ్మ.

ఈ మాట సూదయ్య తాత చెవిన పడింది. ఆయన ముళ్లు జలజలమన్నాయి.

"అమ్మా జూలమ్మా, చెమట రుచి చూశావా ఎప్పుడైనా? ఉప్పగా ఉంటుంది. అంటే ఒంట్లోంచి నీళ్లతోపాటు ఉప్పూ పోతోందన్నమాట. పోయినవి రెండైతే ఒక్కటే తిరిగి పోస్తానంటావేంటి?" అన్నాడు.

"నీ ముద్దలు చెల్లవని నీ బాధ తాతా!" అని జూలమ్మ నవ్వేసింది.

తాత తన ముద్దల పనికి వెళ్లిపోయాడు. ఇంకోసారి గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది.

తెల్లారింది. పరుగు మొదలైంది. గవ్వ, బొట్టయ్య అనే దుప్పి పక్కపక్కనే దూసుకుపోయారు. జూలమ్మ కొండల నడుమనున్న అడ్డదారిలో పడి మొదటి మజిలీకి ముందే చేరుకుంది. తర్వాతి మజిలీలకూ అలాగే ముందు చేరాలని ఆవిడ ఎత్తు.

గవ్వ వచ్చింది. ఒళ్లంతా చెమట. మెడ మీద ఆరినచోట తెల్లటి చారలు కట్టాయి. అది రాయి వైపు చూసి, "అత్తా, నోరంతా చప్పగా ఉంది. ఒక్కసారి నాకనా?" అని అడిగింది.

"వద్దన్నానా! తాగు, తాగు!"

గవ్వ గటగటా తాగి పరుగెత్తింది. బొట్టయ్య అప్పుడే వచ్చి తాపీగా నాకుతున్నాడు. ఒకటి, రెండు, మూడు... జూలమ్మకు నవ్వాగలేదు. నాకు నాయనా నాకు, సాయంత్రం దాకా నాకు అనుకుంది.

ఎండ ముదిరింది. రెండో మజిలీకి గవ్వ చాలా ముందుగా వచ్చింది. కానీ దాని పెదవులు ఉబ్బి ఉన్నాయి. కడుపు కదిలితే లోపల నీళ్లు గలగలమంటున్నాయి.

"అత్తా, నాకు దాహంగా లేదు. తల పగిలిపోతోంది. కడుపులో తిప్పుతోంది."

జూలమ్మకు భయం వేసింది. కానీ వెంటనే సర్దుకుంది. తలనొప్పి ఎండకే వస్తుంది, ఎండకు నీళ్లే మందు అనుకుంది.

"నీళ్లు చాలకే అలా ఉంది. ఇంకా తాగు తల్లీ, ఇంకొంచెం" అంటూ దాని మెడ మీద మూతితో నిమిరి మరీ తాగించింది.

అత్త మాట గవ్వ ఎన్నడూ కాదనలేదు. తాగింది. వెళ్లింది. ఈసారి దాని కాళ్లు కొంచెం తడబడ్డాయి.

మూడో మజిలీలో సూదయ్య తాత కూర్చుని ఉన్నాడు. చుట్టూ కోతులు, కుందేళ్లు, అడవిపందులు. ఇక్కణ్ణుంచి గమ్యం కనబడుతుంది. ఏటి ఒడ్డు పచ్చిక కూడా కనబడుతుంది. జూలమ్మ ఆ పచ్చిక వైపే చూస్తోంది.

"అదిగో గవ్వ!" అని కోతులు కేకలు పెట్టాయి. అందరూ సంబరంగా లేచారు. కానీ ఆ సంబరం నిలవలేదు.

గవ్వ దారిలో రావడం లేదు. అటో అడుగు, ఇటో అడుగు వేస్తోంది. చెట్టుకు గుద్దుకుంది. తాగిన నీళ్లు భళ్ళున కక్కింది. ఎదురుగా నిలబడ్డ జూలమ్మ ముఖంలోకి చూసి, "ఎవరు నువ్వు?" అంది.



"గవ్వా! నేనే, అత్తనే!"

"మా అత్త ఏదీ?" అంటూనే గవ్వ నేల మీద కూలిపోయింది. కాళ్లు కొట్టుకున్నాయి. కళ్లు తేలేసింది.

"నీళ్లు! నీళ్లు పట్టండి!" అంటూ జూలమ్మ చెలమ దగ్గరికి పరుగెత్తి పుక్కిట నిండా నీళ్లు తెచ్చింది.

"ఆగు!" అని సూదయ్య తాత అరిచాడు. అంత చిన్న ప్రాణిలోంచి అంత పెద్ద కేక వస్తుందని ఎవరూ అనుకోలేదు. "ఇంకో గుక్క పడితే పిల్ల చచ్చిపోతుంది!"

జూలమ్మ నోట్లో నీళ్లు నేలపాలయ్యాయి. నీళ్లు తాగితే చచ్చిపోవడమా? ఏళ్ల తరబడి ఎన్నో గుర్రాలకు పరుగు నేర్పింది. దాహంతో చచ్చినవాళ్లను చూసింది. నీళ్లతో చావడం ఆవిడ కనలేదు, వినలేదు.

"ఎండ దెబ్బ కాదా తాతా?" అంది జూలమ్మ.

"కాదమ్మా. ఒంట్లో ఉప్పంతా చెమటలో పోయింది. ఉన్న కాస్తా నువ్వు పోయించిన నీళ్లలో పలచబడిపోయింది. ఆ నీళ్లు తలకెక్కి కూర్చున్నాయి" అన్నాడు తాత.

ఆయన ఉప్పుమన్ను ముద్దను రెండు చుక్కల తడితో చిక్కటి గుజ్జులా మెదిపాడు. గవ్వ మింగలేని స్థితిలో ఉందని, ముందు గోరంత దాని పెదవికి రాశాడు. నాలుక కదిలే దాకా కాచుకుని మళ్లీ రాశాడు. అంతలో బొట్టయ్య వచ్చాడు. పడి ఉన్న గవ్వను చూసి బిక్కచచ్చిపోయాడు. పరుగు మరిచిపోయి అక్కడే నిలబడ్డాడు.

"నువ్వు వెళ్లు నాయనా. నీ మంద పిల్లలు ఎదురుచూస్తుంటారు" అంది జూలమ్మ. 

బొట్టయ్య ముద్దను ఏడుసార్లు నాకాడు, నాలుగు గుక్కలు తాగాడు, వెళ్లాడు. కాసేపటికి ఏటి ఒడ్డు నుంచి దుప్పుల కేరింతలు వినబడ్డాయి. జూలమ్మ అటు తిరగనైనా లేదు. గవ్వ ముక్కు దగ్గర చెవి పెట్టి ఊపిరి వింటూ కూర్చుంది.

మధ్యలో గవ్వ నాలుక చాచి "నీళ్లు" అని గొణిగింది. చెలమ మూడడుగుల దూరంలోనే ఉంది. జూలమ్మ కదలలేదు. కన్నబిడ్డలాంటి పిల్ల నీళ్లడుగుతుంటే ఇవ్వకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఊహించుకోండి పిల్లలూ!

పొద్దు వాలేవేళకు గవ్వ పడుకున్నచోటే ఉచ్చ పోసింది. కొంచెం కాదు, వాగు కట్టినంత! కోతులు ముక్కులు మూసుకున్నాయి. సూదయ్య తాత మాత్రం "హమ్మయ్య! ఎక్కువైన నీళ్లు బయటికి పోతున్నాయి. పిల్ల దక్కింది" అన్నాడు.

ఇంకాసేపటికి గవ్వ కళ్లు తెరిచింది.

"అత్తా" అంది.

జూలమ్మ భోరున ఏడ్చేసింది. "నన్ను గుర్తుపట్టావా తల్లీ! రెండో మజిలీలోనే అంత బాధగా ఉంటే, నేను తాగమన్నా తాగనని ఎందుకు మొండికెయ్యలేదే?"

గవ్వ ఆశ్చర్యంగా చూసింది.

"అప్పటికే నాకు కళ్లు సరిగా కనబడలేదత్తా. ఇంక తాగితే చచ్చిపోతానేమో అనిపించింది. కానీ నువ్వు తాగమన్నావు కదా. నాకు ఏది మంచిదో నాకంటే నీకే బాగా తెలుసనుకున్నాను."

 పిల్ల నేల కూలినప్పుడు కూడా జూలమ్మ ఆ మాట విన్నంతగా అదిరిపోలేదు.

నీతి: చెమటలో నీళ్లూ పోతాయి, ఉప్పూ పోతుంది. రెండూ తిరిగి ఇవ్వాలి. మనల్ని నమ్మి చెప్పినట్టు చేసేవాళ్లు 'నా వల్ల కావడం లేదు' అంటే, ముందు ఆ మాట వినాలి.