చేతులూపుకుంటూ సూర్యలంకకు

రెండువేల ఇరవై మూడు, డిసెంబరు ఇరవై నాలుగు, ఆదివారం. ముక్కోటి ఏకాదశి మర్నాడు. సరిగ్గా ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు ఆదిలాబాదులో విఠల్‌రావు ఇంట్లో, నలుగురూ తలో దుప్పటీ కప్పుకుని, ఏ సముద్రానికి వెళ్ళాలా అని సభ తీరారు.

ఆ ఇంటివాళ్ళ తెలివికి ఊళ్ళో సాటి లేదు. ఆ మాట ఆ ఇంటివాళ్ళే చెప్పేవారు. పిల్లలకు ప్రజ్ఞ, సుబోధ్ అని పేర్లు పెట్టుకున్నదీ అందుకే. ఎవరు ఏ మాట చెప్పినా పొల్లు పోకుండా చేసెయ్యడం వాళ్ళ పద్ధతి.

"మాటకు ఒకటే అర్థముంటది. రెండోది వెతికేటోనికి బుర్ర లేనట్టు" అనేవాడు విఠల్‌రావు.

ఆయన భార్య అనసూయమ్మ మనసులో మాత్రం ఒక్కటే కోరిక. ప్రజ్ఞ ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం, జనవరిలో పుణెకు ఉద్యోగం నేర్చుకోవడానికి వెళ్తోంది. సుబోధ్ వరంగల్ హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాడు. సెలవలకు ఇంటికొచ్చినా ఒకరు మేడ మీద, ఒకరు మంచం మీద, ఆయన టీవీ ముందు. నలుగురూ ఒక్క పూట ఒక్కచోట కూర్చుని ఎన్నేళ్ళయిందో. ఇది జరిపించు స్వామీ, అని ఏకాదశి ఉపవాసం ఉండి మరీ మొక్కుకుంది.

"చలి ఉండొద్దు. వెచ్చగుండే బీచే కావాలె బాపు" అంది ప్రజ్ఞ.

విఠల్‌రావు కళ్ళద్దాలు సర్దుకుని, రాసిపెట్టుకున్న బీచుల జాబితా చదివాడు. "పేరుపాలెం."

"పేరు పాలెం. మరి ఊరు?" అన్నాడు సుబోధ్.

"రాయలేదురా."

"ఊరు చెప్పకుండ పేరొక్కటే చెప్పేటోళ్ళను ఎట్ల నమ్ముతం? కొట్టెయ్యి బాపు."

అంతే, కొట్టేశాడు. తర్వాత ఓడరేవు. మన దగ్గర ఓడ లేదు కాబట్టి అదీ పోయింది. మూడోది సూర్యలంక.

"సూర్యుని సొంతూరన్నట్టు. చలికాలమైనా ఆయన ఇల్లిడిచి యాడికి పోతడు?" అంది ప్రజ్ఞ.

అందరూ ఆమె తెలివికి మురిసిపోయారు. అనసూయమ్మకు మాత్రం చిన్న బెంగ పట్టుకుంది. "లంక అంటున్నరు, సముద్రం దాటాలె గదా?"

"వారధి ఎప్పుడో కట్టిన్రు గదమ్మా" అన్నాడు సుబోధ్. ఆవిడ ఆంజనేయస్వామికి దణ్ణం పెట్టుకుని, ధైర్యంగా అక్కడి లాడ్జికి ఫోను చేసింది.

మేనేజరు శేషగిరి మర్యాదస్తుడు. "సముద్రం వైపు చూసే గది ఒకటుందండి, మంగళవారం ఒక్కరోజుకి."

"గది చూస్తే, మేమేం చూడాలె నాయనా?"

"మీరూ చూడొచ్చమ్మా. కిటికీ తియ్యండి. దుప్పట్లు, సబ్బులు, తువ్వాళ్ళు అన్నీ ఇక్కడే ఉంటాయి. మీరు చేతులూపుకుంటూ వచ్చెయ్యండి చాలు."

ఇంకేముంది. సోమవారం సాయంత్రం నలుగురూ ఇంటికి తాళం వేసి, చేతులూపుకుంటూ బయల్దేరారు.

"ఒక జత బట్టలన్న తీసుకుందమే" అని గుమ్మంలో గొణిగాడు విఠల్‌రావు.

"చేతిల సంచి ఉంటే ఎట్ల ఊపుతరు?" అంది అనసూయమ్మ. నిజమే కదా అనుకున్నాడాయన.

రైలెక్కాక తెలిసింది కష్టం. సుబోధ్ చెయ్యి ఇటు ఊగితే ఎదుటాయన టీ ఒలికింది. ప్రజ్ఞ చెయ్యి అటు ఊగితే పక్కావిడ కొప్పు ఊడింది. అంతే, పెట్టెలో సగం మంది లేచి వేరే చోట కూర్చున్నారు.

"ఏమైందమ్మా మీకు, తిమ్మిర్లా?" అని దూరం నుంచే అడిగింది ఆ పక్కావిడ.

"కాదు తల్లీ, సముద్రానికి పోతున్నం" అంది అనసూయమ్మ నెమ్మదిగా. ఆవిడ ఇంకో రెండు సీట్లు అవతలికి జరిగింది.

చివరికి ఇద్దరు ఊపడం, ఇద్దరు నిద్రపోవడం అని వంతులు వేసుకున్నారు. మంగళవారం మధ్యాహ్నం లాడ్జి గుమ్మం ఎక్కేసరికి ఒక్కరికీ భుజాలు లేవడం లేదు.

అయినా సముద్రం చూడగానే నొప్పులు మరిచిపోయి పరుగెత్తారు. ఒడ్డున కాపలాదారు ఈల ఊది, "మోకాళ్ళ దాకానే. అంతకు మించి తడవకూడదు" అన్నాడు. నలుగురూ వంగి, మోకాళ్ళు ఎక్కడున్నాయో చూసుకుని, కొలిచినట్టు అక్కడి దాకానే దిగారు. ఇంతలో ఒక పెద్ద అల వచ్చి నడుం దాకా తడిపేసి పోయింది.

విఠల్‌రావు వణుక్కుంటూ కాపలాదారు దగ్గరికి నడిచాడు. "అయ్యా, మా తప్పేం లేదు. మేం మోకాళ్ళ దాకానే దిగినం. సముద్రమే మా మీదికెక్కింది. జర దానికి గూడ చెప్పుండ్రి."

కాపలాదారు ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత సముద్రం వైపు తిరిగి, గట్టిగా ఒక ఈల ఊదాడు.

మార్చుకోవడానికి బట్టలు లేవు. నలుగురూ లాడ్జి దుప్పట్లు చుట్టుకున్నారు. విఠల్‌రావు టీవీ పెట్టుకున్నాడు. ప్రజ్ఞ ఫోను పట్టుకుని మెట్ల మీదికి పోయింది, సుబోధ్ మంచమెక్కి ముసుగు తన్నాడు. అనసూయమ్మ కిటికీ దగ్గర ఒక్కతే కూర్చుంది. ఉన్న ఒక్కరోజూ అయిపోయింది, ఇంట్లో ఎట్లాగో ఇక్కడా అట్లాగే. ఉపవాసంలో ఏం లోపం జరిగిందో అనుకుంది.

అప్పుడు శేషగిరి వచ్చి తలుపు తట్టాడు. "అమ్మా, రేపు పొద్దున తొమ్మిదింటికల్లా గది ఖాళీ చేసెయ్యాలండి. వేరేవాళ్ళు వస్తున్నారు."

"మొత్తమా నాయనా?"

"మొత్తమేనమ్మా."

అంతే. మర్నాడు పొద్దున అయిదింటికే అందరినీ లేపింది. పరుపులు, దిండ్లు, బల్ల, అద్దం, బక్కెట్లు, పరదాలు, టీవీ, ఒక్కొక్కటే మోసుకెళ్ళి ఇసుకలో పేర్చారు. సుబోధ్ బల్బులు విప్పాడు. పెద్ద మంచాన్ని నలుగురూ కలిసి దింపారు.

"ఫ్యాను?" అంది ప్రజ్ఞ.

"అది గదిల లేదు బిడ్డా, గది మీద ఉన్నది" అన్నాడు విఠల్‌రావు.

తొమ్మిదింటికి శేషగిరి వచ్చాడు. గదిలో ఆయన చెప్పుల చప్పుడు ఆయనకే తిరిగి వినిపించింది. బయటికొచ్చి ఒడ్డు చూసి, మెట్టు మీద కూలబడ్డాడు.

"ఏంటమ్మా ఇది?"

"ఖాళీ చేసినం నాయనా. ఒక్క పుల్ల గూడ మిగల్లేదు, చూసుకో."

మర్యాదస్తుడికీ ఓపిక అయిపోయింది. "ఇవన్నీ మళ్ళీ గదిలో చేరేదాకా మీ నలుగురిలో ఒక్కరు కదిలినా ఊరుకోను."

ఇంకేముంది. తిరిగి లోపల పెడదామని పరుపు ఎత్తబోతున్న విఠల్‌రావు చెయ్యి వదిలేశాడు. నలుగురూ పక్కనే ఇసుకలో ఉన్న మంచం మీద, సముద్రం వైపు మొహం పెట్టి, వరసగా కూర్చున్నారు. కదలకూడదు కాబట్టి ఫోను తీయడానికి లేదు, లేచి పోవడానికి లేదు. ఎండ వీపు మీద వెచ్చగా పడుతోంది. ప్రజ్ఞ పెదవులు ఎక్కువ కదపకుండా కాలేజీ కబుర్లు చెప్పింది. సుబోధ్ హాస్టలు పప్పు సంగతి చెప్పాడు. విఠల్‌రావు తన పెళ్ళిచూపులనాటి కథ ఎత్తుకున్నాడు. అనసూయమ్మ నవ్వాపుకోవడానికి నానా అవస్థ పడింది, నవ్వితే కదిలినట్టవుతుందని.

వెనక లాడ్జి పనివాళ్ళు ఆరుగురు సామాను చేరవేస్తూనే ఉన్నారు. పదకొండున్నరకు మంచం ఒక్కటే మిగిలింది.

"లేవండమ్మా, ఇది కూడా తీసుకెళ్ళాలి."

"మంచం లోపలికి పోకముందే ఎట్ల లేస్తం నాయనా? మీ సారు కదలొద్దన్నడు" అంది అనసూయమ్మ.

బతిమాలి బతిమాలి, చివరికి ఆరుగురూ మంచాన్ని మనుషులతో సహా భుజాలకెత్తుకున్నారు. దేవుణ్ణి ఊరేగించినట్టు, దుప్పట్లు కట్టుకున్న నలుగురు ఇసుక మీదుగా కదలకుండా కదిలిపోయారు. కొత్తగా దిగినవాళ్ళు సంచులు కింద పెట్టి దారిచ్చారు. గుమ్మం దగ్గరికొచ్చేసరికి మంచం పట్టలేదు.

"కాస్త పక్కకి వంచాలండి" అన్నాడు ముందున్న పనివాడు రొప్పుతూ.

"వంచకుండ్రి నాయనా, మేం కదుల్తం" అన్నాడు విఠల్‌రావు. "గోడ తీసెయ్యుండ్రి."