బూడిదగాడికి మూడు మాటలు

దగ్గరికి జరగండర్రా. నా మోకాళ్ళ మీద మాత్రం పడకండి, పొద్దుట్నుంచీ ఒకటే సలుపు.

అనగనగనగా, మూడు కొండలకి అవతల కంబళ్ళపాడని ఒక ఊరు. ఆ ఊళ్ళో గురవయ్యని ఒక గొర్రెలకాపరి. ఆయనకి పెద్ద మంద, ముసలితల్లి, పెళ్ళాం, ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. ఏడుగురూ నోరున్నవాళ్ళే. చెవులున్నది ఒక్కత్తికే, పెద్దకోడలు బీరమ్మకి.

అత్త నీళ్ళు తెమ్మంటుంది. బిందె ఎత్తేలోపు మామ గొర్రెల్ని వదలమంటాడు. దొడ్డి తలుపు తీసేలోపు ఆడబిడ్డ జడ వెయ్యమంటుంది. దువ్వెన పట్టేలోపు అవ్వ కాళ్ళు పిసకమంటుంది. ఒక్క పనీ పూర్తి కాదు, తిట్లు మాత్రం పూర్తిగా పడతాయి. ఒక్కోరోజు బిందె చంకన పెట్టుకుని, ఎటు పోవాలో తెలీక, వాకిట్లో అలా నిలబడిపోయేదిట పిచ్చితల్లి.

ఆ ఇంట్లో ఆమెకి తోడు ఎవరంటే బూడిదగాడు. మనిషనుకున్నారేం? కుక్కర్రా, కుక్క! మంద కాసే కుక్క. దానికీ ఏడుగురూ చెప్పేవాళ్ళే. మామ ఆగమంటాడు, అత్త నిలబడమంటుంది, పెద్దాడు కదలొద్దంటాడు, నడిమివాడు అదిలిస్తాడు, చిన్నాడు ఈల వేస్తాడు, అవ్వ కర్ర విసురుతుంది, ఆడబిడ్డ పకపకా నవ్వుతుంది. అది అందరి మొహాలూ చూసి చూసి, చెవులు వాల్చి చతికిలబడేది. మొద్దు కుక్క, మొద్దు కుక్క అని దానికి పేరు పడిపోయింది.

ఊఁ అంటున్నారా, కళ్ళు మూతలు పడ్డాయా? సరే.

ఒకనాడు మిట్టమధ్యాహ్నం మందలో తోడేలు పడింది. ఏడుగురూ ఏడు కేకలు. పట్టమని ఒకరు, రమ్మని ఒకరు, ఇటని ఒకరు, అటని ఒకరు. బూడిదగాడు గిర్రున తిరిగి తిరిగి నిలబడిపోయాడు. తోడేలు చూలు గొర్రెని ఈడ్చుకుపోయింది. గురవయ్య మండిపడి, వచ్చే అమావాస్యలోపు ఇది మాట వినకపోతే అడవిలో వదిలేసి వస్తానని ఒట్టేశాడు.

బీరమ్మ కుక్క పక్కన కూలబడింది. ఇద్దరికీ లేచే ఓపిక లేదు. దాని కళ్ళలోకి చూసింది. ఇది మొద్దు కాదు, ఇన్ని మాటల్లో ఏది వినాలో తెలీక ఆగిపోయింది, అచ్చం నాలాగే అనుకుంది.

మర్నాటి నుంచి, ఒళ్ళు ఎంత పులిసిపోయినా, ఎండ చల్లబడగానే దాన్ని గొర్రెలు మేసే బీడులోకి తీసుకుపోయేది. మూడే మాటలు. రా, ఆగు, చుట్టు. చుట్టు అంటే మంద చుట్టూ పోయి గొర్రెల్ని మళ్ళించాలన్నమాట. ఏ మాటైనా ఒక్కసారే అనేది. వింటే తన జొన్నరొట్టెలోంచి ఒక తునక. వినకపోతే తిట్టదు, కొట్టదు. మళ్ళీ మొదటికి. తిట్టడానికి ఓపికేదీ ఆమెకి! రా, ఒక తునక. ఆగు, ఒక తునక. చుట్టు, ఒక తునక. ఇరవై రోజులకి కుక్కకి మాట పట్టుబడింది.

పట్టుబడిందా, ఇంటికి రాగానే ఏడుగురూ మళ్ళీ ఒక్కసారిగా అరిచారు. కుక్క మళ్ళీ చతికిలబడింది.

అప్పుడు బీరమ్మ ఎన్నడూ లేనిది నోరు విప్పింది.

"మామా, కుక్క నేర్చుకుంది. ఇక మీరు నేర్చుకోవాలి."

"ఏంటే, మాకే చెబుతున్నావా?" అంది అత్త.

"పోట్లాడే ఓపిక లేదత్తా. అమావాస్య ఇంకా ఆరు రోజులుంది. మామ ఒక్కడే చెప్పాలి, ఒక్కమాటే చెప్పాలి, తక్కినవాళ్ళు నోరు కట్టేసుకోవాలి. అప్పటికీ వినకపోతే దాంతోపాటు నన్నూ అడవిలో వదిలేసి రండి."

గురవయ్య కుక్కనీ కోడల్నీ మార్చి మార్చి చూసి, సరేనన్నాడు. బీరమ్మ ఆ మూడు మాటలూ ఆయనకి నేర్పింది.

అయిదోరోజు ఆకాశం నల్లబడి ఫెళ్ళున పిడుగు పడింది. మంద బెదిరి లోయకేసి పరుగు! ఏడు నోళ్ళూ తెరుచుకోబోయాయి. బీరమ్మ చెయ్యెత్తింది. అత్త కొంగు నోట్లో కుక్కుకుంది. చిన్నాడు ఈల మింగేశాడు. గురవయ్య ఒక్కడే, ఒక్కసారే అన్నాడు:

"చుట్టు!"

బూడిదగాడు బాణంలా పోయాడు. లోయ అంచున అడ్డం తిరిగి, ముందున్న పొట్టేలుకి ఎదురెళ్ళి, మందని మొత్తం వెనక్కి మళ్ళించాడు. ఆగు అంటే వానలో అలాగే ఆగిపోయాడు. ఒక్క పిల్లయినా పోలేదు. గురవయ్య బురదలో కూర్చుని దాని మెడ కావలించుకున్నాడు.

ఆ సాయంత్రం తడిసి వణుకుతున్న బీరమ్మ పొయ్యి దగ్గరికి పోబోతే అత్త ఆపింది.

"కూర్చో," అంది. ఇంకెవరూ ఏమీ అనలేదు.

బీరమ్మ కూర్చుంది. అత్త వేడన్నం వడ్డించింది, ఆడబిడ్డ మంచినీళ్ళు పెట్టింది, మొగుడు కంబళి కప్పాడు. బూడిదగాడు గడపలో గురక పెట్టి నిద్రపోయాడు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఒక పని అయ్యాకే ఇంకో పని చెప్పేవారుట, అందరూ చల్లగా ఉన్నారు.

అంచేత నాయనా, కుక్కకైనా కోడలికైనా ఒక్కమాట చెప్పాలి, చెప్పాక చెయ్యనివ్వాలి.

కథ కంచి దారి పట్టింది, మనం పక్కల దారి పడదాం. పడుకోండి.